శాతం సరే, ఏ కాటా మీద తూచారు?

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లుగా షావుకారుపేటలో ఒక పప్పుల టోకు కొట్లో పద్దులు రాస్తున్నాను. వయసు 56. పోయిన నెల పరీక్షల్లో మొత్తం కొలెస్ట్రాల్ 212, మంచి కొలెస్ట్రాల్ 38, బీపీ పై అంకె 138 వచ్చాయి. షుగరు లేదు, పొగ తాగను. ల్యాబు కాగితం అడుగున మాత్రం 'పదేళ్లలో గుండెజబ్బు ముప్పు 17 శాతం' అని ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. మా నాయన 52కే గుండెపోటుతో పోయారు మరి.

మర్నాడు పెరంబూరులో మా డాక్టరమ్మ అవే అంకెలు వేసి చూసి 9 అన్నారు. 2023లో వచ్చిన కొత్త అమెరికా లెక్క మా అమ్మాయి ఫోనులో వేస్తే 7 దాటలేదు. మనిషి అదే, రక్తం అదే!

డాక్టరమ్మ ఓపిగ్గా విడమరిచి చెప్పారు. 17 అన్నది ఫ్రామింగ్‌హామ్ లెక్క. 1948 నుంచి ఆ పేరున్న అమెరికా ఊరి జనాన్ని గమనిస్తూ వచ్చి కట్టినది. దాని 2008 నాటి రూపంలో గుండెపోటు, పక్షవాతమే కాదు, గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి, గుండె బలహీనపడటం, కాళ్ల రక్తనాళాలు పూడుకోవటం కూడా కలుస్తాయి. 9 వచ్చిన అమెరికా వాళ్ల 2013 లెక్కలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలే ఉంటాయి. అందులో 7.5 శాతం దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర సంగతి ఆలోచిస్తారట. ఆ గీటు తెచ్చి నా 17 మీద పెడితే తప్పు కదా. పైగా ఆ 2013 లెక్క తెల్లవాళ్ల, నల్లజాతి అమెరికన్ల వివరాలతో కట్టినది. దక్షిణాసియా వాళ్లయితే ముప్పు ఎక్కువనుకోమని అక్కడి వైద్యులే 2018లో చెప్పారు.

నా మనసులో మెదిలేది మా నాయన. ఆయన సంగతి ఈ మూడు లెక్కల్లో ఒక్కటీ అడగలేదు. బ్రిటన్ వాళ్ల క్యూరిస్క్ అనే లెక్క అడుగుతుంది: మీరు భారతీయులా, ఇంట్లో అరవై లోపు ఎవరికైనా గుండెజబ్బు వచ్చిందా అని. డాక్టరమ్మ ఆయన కథంతా విన్నాకే స్టాటిన్ మాత్ర రాశారు.

మా కొట్లో బస్తా తూకం పక్కన ఏ కాటా అన్నది రాయకుండా పద్దు మూయం. ల్యాబుల వాళ్లు శాతం పక్కన ఏ లెక్క, ఏ సంవత్సరంది, ఏ జబ్బులు కలిపారు అని ఒక్క వరుస అచ్చువేయాలి. మీ ఆరోగ్యం పేజీలోనూ శాతాలు ఇచ్చేటప్పుడు దయచేసి ఈ మూడూ వేయండి.

మా తమ్ముడికి 49. వచ్చే వారం పరీక్షలకు వెళ్తున్నాడు. ఏ లెక్క వాడారో అడిగి, కాగితం మీదే రాయించుకు రమ్మన్నాను.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై