వార్షిక నివేదిక 2025–26: ప్రాంతీయ జెట్ విమానాల అధ్యయనం

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం ప్రకారం ఈ ఏడాది నెలవారీ చర్చలన్నిటినీ ప్రాంతీయ జెట్‌లకే, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే చిన్న జెట్ విమానాలకే, కేటాయించాం. రకాలవారీగా బరువులు, సీట్లు, ఇంజిన్లతో పట్టిక తయారుచేశాం. జమాఖర్చులు విడిగా జతచేశాం. చర్చల్లో తేలిన విషయాలు ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా చెప్పాల్సింది: ఈ తరగతి విమానాల భవిష్యత్తును తేల్చేవి రెండు అంకెలు. సీట్లెన్ని, అనుమతించిన గరిష్ఠ టేకాఫ్ బరువెంత. ఆ అంకెలకు హద్దులు పెట్టేది చాలాసార్లు పైలట్ల ఒప్పందాలూ పన్ను చట్టాలూ.

అమెరికాలో పెద్ద విమానయాన సంస్థల పైలట్ సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందాల ప్రకారం, అనుబంధ సంస్థలు నడిపే విమానానికి 76 సీట్లు, 39,009 కిలోలు మించకూడదు. బ్రెజిల్‌కు చెందిన ఎంబ్రేయర్ సంస్థ తన ఈ-175కు కొత్త ఇంజిన్లు, కొత్త రెక్క అమర్చి ఈ-175 ఈ2గా మార్చింది. ఇంధనం ఆదా అయింది గానీ ఇంజిన్ల వల్ల బరువు పెరిగి 44 టన్నులు దాటింది. 2019 డిసెంబరులో తొలిసారి ఎగిరిన ఆ విమానాన్ని 2022లో వాయిదా వేశారు. పాత ఇంజిన్ల ఈ-175 మాత్రం ఇప్పటికీ తయారవుతూనే ఉంది. జపాన్‌లో మిత్సుబిషి 2015 నవంబరులో ఎగరేసిన ఎంఆర్‌జే-90 కూడా ఈ హద్దు దగ్గరే ఇరుక్కుంది. సర్టిఫికేషన్ ఆలస్యాలు దానికి తోడయ్యాయి. చివరికి 2023 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టునే రద్దు చేశారు.

ఆ ఒప్పందాల్లోనే 50 సీట్ల విమానాలకు ఉన్న వేరే హద్దుకు తగ్గట్టు విమానాన్ని మలిచిన సందర్భం కూడా ఉంది. కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ చేసిన సీఆర్‌జే-700లో సుమారు 70 సీట్లు పడతాయి. అదే విమానంలో సీట్లను 50కి కుదించి, బరువు హద్దును కాగితం మీద తగ్గించి, మిగిలిన చోట సామాను అరలు పెట్టి సీఆర్‌జే-550గా దింపారు.

మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ ఎయిర్ కోస్టా. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలై, 2017 ఫిబ్రవరి చివర ఆగిపోయింది. నడిపినవి 67 సీట్ల ఈ-170, 112 సీట్ల ఈ-190. 2014లో సింగపూర్ ప్రదర్శనలో 50 ఈ2 విమానాలకు ఆర్డరు కూడా ఇచ్చింది. మూతపడటానికి కారణాలు అనేకం. సభ్యులు గమనించాల్సింది విమానాల ఎంపిక. ఈ రెండు రకాలకూ కాక్‌పిట్ దాదాపు ఒకటే, ఒకే రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉన్న పైలట్ రెండూ నడపగలడు. ఇంజిన్లు మాత్రం వేరు: ఈ-170కి సీఎఫ్34-8ఈ, ఈ-190కి సీఎఫ్34-10ఈ. రెక్కలు కూడా వేరే. నాలుగైదు విమానాలున్న సంస్థ రెండు రకాల ఇంజిన్లకు విడిభాగాలు నిల్వ పెట్టుకోవాలి. ఒక విమానం నేలమీద ఆగిపోతే దాని బదులు పంపడానికి అదే రకం మరొకటి దొరక్కపోవచ్చు.

పన్ను లెక్క కూడా చూడండి. మన కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ప్రకారం, గరిష్ఠ టేకాఫ్ బరువు 40,000 కిలోల లోపు ఉన్న షెడ్యూల్డ్ (నిర్ణీత వేళలకు నడిచే) విమానానికి అమ్మే ఇంధనం మీద రాష్ట్రాలు 5 శాతం మించి పన్ను వేయకూడదు. ఆ బరువు దాటితే రాష్ట్రం ఇష్టం. తమిళనాడులో అది 29 శాతం. ఈ-170 హద్దు లోపలే ఉంటుంది, ఈ-190 దాటిపోతుంది. ఒకే సంస్థ, ఒకే చెన్నై, ఇంధనం బిల్లులు మాత్రం రెండు రకాలు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ చార్జీ మినహాయింపు కూడా 80 సీట్ల లోపు విమానాలకే.

చిన్న ఊళ్లకు అందుబాటు ధరలో విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ నియమాలు దీనికి తోడవుతాయి. సీట్లలో సుమారు సగం, గరిష్ఠంగా 40, నిర్ణీత ధరకు ఇవ్వాలి. ప్రభుత్వం లోటు భర్తీ చేసేది ఆ సీట్లకే. 76 సీట్ల విమానంలో 38 సీట్లకు భరోసా దొరుకుతుంది, మిగతా 38 నింపుకోవాలి. 112 సీట్లదైతే 72 నింపుకోవాలి. మన దేశపు ప్రాంతీయ సంస్థ స్టార్ ఎయిర్ 2019లో 50 సీట్ల ఈఆర్‌జే-145లతో మొదలై, 2023లో 76 సీట్ల ఈ-175కు వెళ్లడం ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. అయితే ఈ-175లో ఎక్కువ దూరం వెళ్లే ఒక రకానికి గరిష్ఠ బరువు 40,370 కిలోలు, అంటే పన్ను హద్దు దాటిపోతుంది. లీజుకు తీసుకునేటప్పుడు ధ్రువపత్రంలోని అంకె చూడాల్సిందే.

చిన్న విమానాశ్రయాల ఇబ్బందుల మీద జరిగిన చర్చ సభ్యులకు బాగా ఉపయోగపడింది. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి గాలినిచ్చే, తోకలో ఉండే చిన్న టర్బైన్, అంటే ఏపీయూ, పనిచేయకపోయినా నియమాలకు లోబడి విమానాన్ని పంపవచ్చు. కానీ ఇంజిన్ తిప్పడానికి గాలి కావాలి. దిగిన చోట ఆ గాలినందించే ఎయిర్ స్టార్ట్ బండి లేకపోతే, సంస్థ నిబంధనలు ఒప్పుకుంటే, ప్రయాణికులు ఎడమ తలుపు నుంచి దిగి ఎక్కేదాకా కుడి ఇంజిన్‌ను నడుస్తూనే ఉంచుతారు. తర్వాత దాని గాలితోనే ఎడమ ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. ఆ ఇంజిన్ కూడా ఆగిందంటే బండి వచ్చేదాకా విమానం అక్కడే. మెట్ల విషయంలో ఈఆర్‌జే-145కు సమస్య లేదు, తలుపులోనే మెట్లుంటాయి. దాంట్లో వరసకు ఒకటి, రెండు చొప్పున సీట్లు. పై అరలు రెండు సీట్ల వైపే ఉంటాయి కాబట్టి చక్రాల పెట్టెలు కింద వేయక తప్పదు.

ఎండాకాలం మరో చిక్కు. సీఆర్‌జే-200 రెక్క ముందంచుకు స్లాట్లు (slats, తక్కువ వేగంలోనూ ఎత్తే బలం పెంచేందుకు ముందుకు జరిగే పలకలు) లేవు. అందువల్ల టేకాఫ్ వేగం ఎక్కువ కావాలి, 42 డిగ్రీల వేడిలో ఆ వేగం అందుకోవడానికి రన్‌వే ఇంకా పొడుగు కావాలి. ఓర్వకల్లు లాంటి 2,000 మీటర్ల రన్‌వే మీద మనుషుల్నో ఇంధనాన్నో తగ్గించుకోవాల్సి రావచ్చు. సీఆర్‌జే-700 నుంచి స్లాట్లు పెట్టారు.

హైదరాబాద్–తిరుపతి లాంటి 420 కిలోమీటర్ల మార్గంలో ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానం కన్నా జెట్ ఆదా చేసేది పావుగంట లోపే, ఇంధనం ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. మా అభిప్రాయంలో 600 కిలోమీటర్లు దాటాకే జెట్‌కు న్యాయం జరుగుతుంది.

రాబోయే ఏడాది మొదటి చర్చ సుఖోయ్ జెట్ మీద. 2025 అక్టోబరులో హెచ్‌ఏఎల్, రష్యా యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్ ఈ జెట్ (ఎస్‌జే-100) తయారీకి అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రెంచ్ భాగస్వామ్యంతో చేసిన పాత ఇంజిన్ స్థానంలో రష్యా సొంత పీడీ-8 వస్తోంది. ఆ విమానం దాదాపు 100 సీట్లది, బరువు 45 టన్నుల పైనే. పైన చెప్పిన మినహాయింపులు ఏవీ దానికి వర్తించవు. ఆ లెక్కతో రండి. మన పట్టికలో ఏ బరువైనా తప్పుగా కనిపిస్తే ధ్రువపత్రం నకలు జతచేసి కార్యదర్శికి పంపండి.

– కార్యవర్గం