గడప మీద పిండి ముద్ద

షికాగో,
ఆదివారం రాత్రి

ప్రియమైన నేస్తమా,

నీ ఉత్తరం అందింది. అబ్బాయి పంజాబీ పిల్లని చేసుకుంటానన్న దగ్గర్నుంచి నీకు నిద్ర లేదని, పెళ్లి ఎవరి పద్ధతిలో చేయాలో తేలక టెన్షన్ పడుతున్నానని రాశావు. వెంటనే జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకే. మా ఆఫీసు అమ్మాయి పెళ్లి నిన్ననే అయింది. చూస్తున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు.

అమ్మాయి వాళ్లది పాలస్తీనాలో రామల్లా పక్కనున్న బైతూనియా. ఇక్కడ బ్రిడ్జ్‌వ్యూలో స్థిరపడ్డారు, ఆ పేటని జనం లిటిల్ పాలస్తీన్ అనే అంటారు. అబ్బాయి వాళ్లది లాహోర్. ఇద్దరూ ముస్లింలే కదా, తేడా ఏముంటుందిలే అనుకున్నాను. నికాహ్ వరకు అది నిజమే. ఖుత్బా అనే పెళ్లి ప్రసంగం, పెళ్లికొడుకు పెళ్లికూతురికిచ్చే మహర్, సాక్షులు, సంతకాలు, అరగంటలో అయిపోయింది. మిగతాదంతా ఎవరిది వాళ్లదే.

మొదటి చిక్కు కాఫీ దగ్గరే వచ్చిందట. పాలస్తీనా వాళ్లలో పిల్లనడగడానికి అబ్బాయి తరఫు పెద్దలంతా కలిసి వస్తారు. దాన్ని జాహా అంటారు. కాఫీ ఇస్తే పెద్దాయన తాగకుండా కింద పెట్టి, వచ్చిన పని చెప్పాలి. పిల్లనిస్తామని మాటిచ్చాకే తాగాలి. లాహోర్ పెదనాన్నగారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇచ్చీ ఇవ్వగానే తాగేశారు! అందరూ ఒక్కసారిగా మౌనమైపోయారట. అప్పుడు అమ్మాయి తాతగారు లేచి, ఖాళీ కప్పు తన చేత్తోనే మళ్లీ నింపి ఆయన ముందు పెట్టి, "ఇప్పుడు అడగండి" అన్నారట. ఇది చెబుతూ ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ఆగలేదు.

లాహోర్ వాళ్ల మెహందీ, వీళ్ల హెన్నా రాత్రి ఒకే సాయంత్రం పెట్టుకున్నారు. అత్తగారు ఉబ్టన్ గిన్నె తెచ్చారు. పసుపు, శనగపిండి, నూనె... అచ్చం మన నలుగేనే! ఆ వాసనకి మీ పెరట్లో నీకు నలుగు పెట్టిన రోజు కళ్లముందు నిలిచింది. ఆవిడ ఇక్కడి డెవాన్ వీధిలో కొన్న నారింజ రంగు గరారా, అదే మోకాళ్ల దగ్గర్నుంచి కుచ్చిళ్లుండే వెడల్పు పైజామా జత, కూడా తెచ్చారు. ఇటు అమ్మాయి అమ్మమ్మగారు తన పెళ్లి థోబ్, అదే వాళ్ల పొడవాటి గౌను, పెట్టెలోంచి తీశారు. తెల్లని నారబట్ట మీద ఎర్రదారంతో చిన్నచిన్న ఇంటూ గుర్తు కుట్లు, సరుగుడు చెట్లలాంటి సైప్రస్ చెట్లు. ఈ కుట్టుపనిని తత్రీజ్ అంటారు, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. పూర్వం ఆ కుట్టు చూసి ఆడపిల్లది ఏ ప్రాంతమో చెప్పేవారట. పిల్ల థోబ్ వేసుకుని, పైన అత్తగారి పసుపు దుపట్టా కప్పుకుంది. అత్తగారే పిన్నులు పెట్టారు.

ఒకవైపు ఢోలకీ పాటలు, ఇంకోవైపు నాలుక ఆడిస్తూ ఆడవాళ్లు తీసే జగారీత్. తర్వాత చేతులు పట్టుకుని వరసగా, నేలని తొక్కుతూ ఆడే దబ్కే నాట్యం. మట్టి మిద్దెల కప్పుల్ని ఊరంతా కలిసి తొక్కి గట్టిపరచడం నుంచి వచ్చిందని చెబుతారు. ఆ అడుగుల బరువు నా ఛాతీలోకి వచ్చింది. భోజనాల ముందు మాత్రం అంతా ఆపి, గాజా కోసం దుఆ, అంటే ప్రార్థన, చేశారు. ఎవరూ తల ఎత్తలేదు.

అన్నీ పెట్టలేదులే. లాహోర్ వాళ్లలో పెళ్లికొడుక్కి పాలు తాగించే వేడుక వదిలేశారు. చెప్పులు దాచే వేడుక మాత్రం పాలస్తీనా చెల్లెళ్లకి తెగ నచ్చేసి, పెళ్లికొడుకుని బాగా పీడించారు.

నాకు మరిచిపోలేనిది అప్పగింత. పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు పెళ్లికూతురి తలపై ఖురాన్ పట్టుకోవడం లాహోర్ పద్ధతి. పట్టుకున్నది పాలస్తీనా తమ్ముడు. అత్తింటి గుమ్మానికి కోడలు పులిసిన పిండిముద్ద అంటించడం పాలస్తీనా పద్ధతి. పొద్దున్నే ఆ పిండి కలిపి ఉంచింది లాహోర్ అత్తగారు. ముద్ద అంటుకుంటే కాపురం నిలుస్తుందని నమ్మకం. పిల్ల చెయ్యి వణికింది, అత్తగారు ఆ చేతిమీద తన చెయ్యి వేసి నొక్కారు. అంటుకుంది.

పంజాబీలు కొత్తకోడలు వచ్చేటప్పుడు గుమ్మానికి అటూ ఇటూ నూనె పోస్తారు. వియ్యపురాలికి ఫోన్ చేసి ఎంత పోయాలో కనుక్కో. ఆ నూనె నువ్వే సిద్ధం చేసుకో, దాని పక్కనే మన బియ్యం చెంబు పెట్టు. ముహూర్తం ఖాయం కాగానే రాయి, టికెట్ తీసుకోవాలి.

నీ
నేస్తం