మా ప్రహ్లాదుడికి పాఠాలు చెప్పినవాళ్లకు

మా పాప పదో తరగతి పాసైంది. 600కి 471. ఇంతకంటే మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. అయినా ఈ 471 కోసం ఎంతమంది పాటుపడ్డారో నాకు తెలుసు, అందుకే ఇది రాస్తున్నాను. నాలుగు రోజులుగా రాయాలని కూర్చుంటున్నా. మొదట ఎవరిని తలచుకోవాలో తేలక లేచిపోతున్నా.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మాది కడప. పాప వాళ్ల నాన్న పౌరాణిక నాటకాలకు హార్మోనిస్టు. పాప ఏడేళ్లప్పటి నుంచి వాళ్ల నాన్న ఉన్న నాటక సమాజంలోనే ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, లవుడు వేస్తోంది. రేటు మాట్లాడుకుని, బయానా తీసుకుని ఆడే నాటకాలు ఇవి. శివరాత్రికి మొదలైతే ఉగాది, శ్రీరామనవమి దాటి ఎండాకాలం జాతర్ల దాకా మాకు తీరిక ఉండదు. పొలతల, కదిరి, యాగంటి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాం. ఏడాది తిండిలో సగం ఆ మూడు నెలల్లోనే సంపాదించుకోవాలి. పదో తరగతి పరీక్షలేమో సరిగ్గా మార్చిలో.

పాప ముందు చదివిన బడి పేరు ఎత్తను. ఎనిమిదో తరగతిలో ఒకరోజు పొద్దున, కొబ్బరినూనెతో ఎంత తుడిచినా చెవి వెనక కొంచెం రంగు మిగిలిపోయింది. అందరి ముందూ నిలబెట్టి అడిగారట. ఆ సాయంత్రం మమ్మల్ని పిలిపించి నాటకమో చదువో తేల్చుకోమన్నారు. బాలకార్మికుల కేసు అవుతుందని కూడా ఎవరో భయపెట్టారు. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

అప్పుడు దారి చూపింది మా పక్క వీధి అడ్వకేట్ అన్న. 2016లో బాలకార్మిక చట్టం మార్చారనీ, 2017లో నిబంధనలు వచ్చాయనీ కూర్చోబెట్టి చెప్పాడు. కళాకారులుగా పనిచేసే పద్నాలుగేళ్లలోపు పిల్లలతో రోజుకు 5 గంటలకు మించి చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి ఆడించకూడదు, చదువు తెగకూడదు, పిల్లల ఇష్టం లేకుండా అసలే చేయించకూడదు. కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. మాలాంటి ఇళ్లల్లో ఇవి తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నా. కాయితాలు ఆయనే రాసిచ్చాడు, ఫీజు అడగలేదు. అన్నా, ఆ డిపాజిట్ బాండు పాప పుస్తకాల అరలోనే ఉంది.

తర్వాత ప్రభుత్వ హైస్కూల్లో చేర్చాం. చేర్చే రోజే హెడ్మాస్టరు సారుకు ఏదీ దాచకుండా చెప్పేశాను. ఆయన నన్ను పక్కన కూర్చోమని పాపను అడిగారు, "నీకు నాటకమంటే ఇష్టమేనా మా?" అని. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ దాన్ని అడగలేదు, నాతో సహా. కొన్నాళ్లకు పిల్లలు రంగు చూసి ఎగతాళి చేస్తున్నారని తెలిసి, ప్రార్థనలో సురభి నాటక సమాజం గురించి చెప్పారట. ఆ పేరు మన జిల్లా పల్లెదేననీ, 1885లో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన ఆ సమాజంలో పిల్లాజెల్లా అంతా రంగస్థలం మీదే పెరిగారనీ చెప్పి, పాపను పక్కన నిలబెట్టుకున్నారట. ముందు బడిలో నిలబెట్టిందీ, ఇక్కడ నిలబెట్టిందీ రెండూ పాప మరిచిపోదు.

లెక్కల మేడమ్ గారి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆమె పాప కోసం విడిగా ఒక నోట్‌బుక్ పెట్టారు. పాప రాని రోజు చెప్పిన పాఠం ఒక పేజీ, కింద ఒక లెక్క, దాని కింద ఖాళీ. "మేకప్ అయినాక నీ రంగం వచ్చేదాకా ఊరికే కూర్చుంటావు కదా, అప్పుడు చెయ్ మా" అన్నారట. మా పాప పట్టుపంచె కట్టుకుని, కిరీటం పక్కన పెట్టుకుని, డ్రస్ కంపెనీ వాళ్ల ట్రంకుపెట్టె మీద ఆ నోట్‌బుక్ వేసుకుని లెక్కలు చేసేది. త్రికోణమితి పేజీలో ఒక టవర్ ఎత్తు కనుక్కునే లెక్క ఉంది. ఊర్ధ్వకోణం గీసిన చోట గులాబీ రంగులో పాప వేలిముద్ర. మేడమ్ దాని పక్కనే ఎర్ర పెన్నుతో "రంగు అంటితే ఏం కాదు, లెక్క కరెక్ట్" అని రాశారు. లెక్కల్లో 83 వచ్చాయి మేడమ్. నోట్‌బుక్ మాత్రం తిరిగి ఇవ్వను, అది నాది.

ఇక మా సమాజం పెద్దాయన. హిరణ్యకశిపుడు ఆయనే. ప్రహ్లాదుడు వచ్చేలోపు ఆయనకు ఏడు పద్యాలు. వన్స్‌మోర్లు పడేది వాటికే, చదివింపులు వచ్చేదీ వాటికే. అవన్నీ అయ్యి పాప రంగం పూర్తయ్యేసరికి తెల్లవారుజామున మూడు దాటేది. ఈ ఏడాది ఆయన నాలుగు పద్యాలు మానుకున్నారు. పన్నెండున్నరకల్లా పాపకు రంగు తుడిచి పడుకోబెట్టేవాళ్లం. కదిరి దగ్గర ఒక పల్లెలో జనం వన్స్‌మోర్ వన్స్‌మోర్ అని వదలకపోతే, హిరణ్యకశిపుడి వేషంలోనే మైకు ముందుకొచ్చి రెండు చేతులూ జోడించారు. "పాప పొద్దున్నే బడికి పోవాల, మన్నించండి" అన్నారు. ముప్పై ఏళ్లుగా నాటకాలాడుతున్న మనిషి వన్స్‌మోర్ కాదనడం నేను చూడలేదు. గుంపులోంచి ఒక ముసలాయన లేచి "పాప పుస్తకాలకు" అని నూటపదహార్లు చదివించాడు. అయ్యా, మీ ఊరు గుర్తుంది గానీ పేరు అడగలేకపోయాం. మీకు మా దండాలు.

పరీక్షలప్పుడు ఒక్క నాటకానికీ పాపను రానివ్వలేదు. ఒప్పుకున్నవాటికి అనంతపురం నుంచి ఇంకో సమాజం వాళ్లు వాళ్ల పిల్లోణ్ణి పంపించారు. డబ్బు ఇవ్వబోతే "తర్వాత చూసుకుందాం లే అక్కా" అన్నారు. ప్రతి రాత్రీ నోట్సు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపిన పాప స్నేహితురాలికీ, పులివెందుల మీదుగా వచ్చే మొదటి బస్సులో పాపను పడుకోనిచ్చి స్టాపు రాగానే లేపిన కండక్టర్ అన్నకూ కూడా థాంక్స్.

ఫలితాలు వచ్చాక అహోబిలం పోయొచ్చాం. ఎగువన ప్రహ్లాద బడి అనే చోట బండ మీద అక్షరాల్లాంటి గీతలుంటాయి. ఎనిమిదేళ్లుగా ప్రహ్లాదుడు వేస్తున్న పిల్ల, ఆ గీతల మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను పిలవలేదు.

ఈ నెలాఖర్లో మా వీధి దేవళం దగ్గర నాటకం ఉంది. హెడ్మాస్టరు సారూ, మేడమ్ గారూ, అడ్వకేట్ అన్నా, మీకు ముందు వరసలో కుర్చీలు వేయిస్తున్నాం. పెద్దాయన ఆ రోజు ఏడు పద్యాలూ పాడతారు. వన్స్‌మోర్ ఎన్నిసార్లయినా అడగండి, తెల్లారి పాప లేవాల్సిన పని లేదు.