తాతయ్య ఆల్బం కాపాడిన వాళ్లకు

మొన్న కార్తీకమాసం వానలకు నెల్లూరులో మా మిద్దె కారింది. అటక మీది ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగిన సంగతి రెండు రోజుల దాకా మేం చూసుకోలేదు. అందులో మా తాతయ్య ఆల్బం ఉంది. నాటకాలవాళ్లూ సినిమావాళ్లూ సంతకం చేసిచ్చిన ఫొటోలు, పాటల పుస్తకాలు, కరపత్రాలు ఆయన వయసంతా పెట్టి కూడబెట్టినవి. తెరిచేసరికి పేజీకి పేజీ అంటుకుపోయి ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ముందుగా దండం పెట్టుకోవాల్సింది మా పక్కింటి అక్కకి. నేను ఆల్బం పట్టుకుని మిద్దె మీదికి పరిగెత్తుతుంటే "ఎండలో పెట్టబాకు, ఫొటోలు చుట్టుకుపోతాయి" అని ఆపింది ఆవిడే. వాళ్ల మేనమామ ఒంగోలులో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపినాయన. అప్పటికప్పుడు ఫోన్ కలిపింది. వెన్నకాగితంలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టమన్నాడాయన. గడ్డకడితే బూజు పెరగదు, సిరా పాకదు, మనకు వ్యవధి దొరుకుతుంది. మా ఫ్రిజ్ చిన్నది. అక్క పులుసుకని తెచ్చుకున్న కొరమీను బయటికి తీసేసి, తన ఫ్రీజర్ మొత్తం తాతయ్యకి ఇచ్చింది.

పెద్దాయన మర్నాడు తొలి బస్సుకే దిగాడు. అంటుకున్న ఫొటోని శుభ్రమైన నీళ్లలో నానబెడితే చాలావరకు ఊడి వస్తుందట. కానీ మా ఫొటోల మీద ఉన్నది ఫౌంటెన్ పెన్ సిరా, నానబెడితే సంతకమే కరిగిపోతుంది. అందుకని పేజీకీ ఫొటోకీ నడుమ పట్టుదారం దూర్చి, రెండు చేతులా రంపంలా ఇటూ అటూ లాగుతూ వచ్చాడు. ఆడవేషాలకు పేరుపడ్డ నాటక నటుడు స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషంలో ఉన్న ఒక్క ఫొటోకే రెండు గంటలు పట్టింది. పురమందిరంలో నాటకం చూసి, తెల్లవారుజామున వేషం తీయకముందే ఆ సంతకం పెట్టించుకున్నానని తాతయ్య చెప్పేవాడు. స్థానంవారికి 1956లో పద్మశ్రీ వచ్చినప్పుడు వీధంతా బెల్లం పంచాడట. ఫొటో ఊడి వచ్చాక చూస్తే జడ దగ్గర చిన్న మరక, అంతే. సంతకం చివర కలం ఎత్తినచోట చిక్కబడిన సిరా చుక్క కూడా చెదరలేదు. నేను ఏడ్చేశాను.

బ్లాటింగు కాగితాలు కట్టలు కట్టలు తెచ్చిచ్చిన లైబ్రరీ మేడంగారికి, గంటగంటకీ అవి మార్చిన పిల్లలకీ నా కృతజ్ఞతలు. లామినేషన్ చేయించమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ వేడికి అసలుకే మోసం వచ్చేది. దయచేసి ఎవరూ పాత ఫొటోలకు ఆ పని చేయించకండి.

ఇంకో మేలు కూడా చెప్పాలి. తాతయ్య ప్రాణంగా చూసుకున్న ఒక సినిమా తార ఫొటో మీద పెద్దాయన భూతద్దం పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేతికిచ్చాడు. సంతకం గీతంతా సన్నటి చుక్కలు. అంటే అది కలంతో పెట్టింది కాదు, ఫొటోతోపాటే అచ్చయింది. అభిమానులకు పంపడానికి అప్పట్లో అలా అచ్చేసేవాళ్లట. నా మనసు నొచ్చుకుంటుందని దాచకుండా, మెత్తగా నిజం చెప్పినందుకు ఆయనకు రుణపడి ఉంటాను. ఆ ఫొటో ఆల్బంలో దాని చోటే ఉంటుంది.

బస్సు చార్జీ ఇస్తానన్నా పెద్దాయన తీసుకోలేదు. బాబాయ్, మన జగదేవిపేట హాస్యనటుడు రమణారెడ్డిగారు సంతకం చేసిన పాటల పుస్తకం మీరు వెళ్లాక ఆరింది. అక్షరం పోలేదు. సంక్రాంతికి పిన్నిని తీసుకుని రండి, మీ చేత్తో తెరిచి చూద్దురుగాని.