ఆదివారం ‘ఓవె’ గురించి మాట్లాడుకుందాం

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5:30కి మొగల్రాజపురంలో, మనం ఎప్పుడూ కలిసే మేడ మీదే కలుస్తున్నాం. పుస్తకం: ఫ్రెడ్రిక్ బాక్‌మన్ ‘ఎ మ్యాన్ కాల్డ్ ఓవె’. 2012లో స్వీడిష్‌లో వచ్చిన నవల.

గ్రూపులో అప్పుడే రెండు జట్లయ్యాయి. “అంత నోటి దురుసు మనిషిని ఎలా ఇష్టపడతాం?” అని కొందరు, “మా పెదనాన్న అచ్చం ఇంతే” అని కొందరు. నేను రెండో జట్టు. 59 ఏళ్ల ఓవె పొద్దున్నే కాలనీ అంతా తిరిగి, ఎవరి బండి ఎక్కడ పెట్టారో చూసి విసుక్కుంటాడు. ఆ విసుగు వెనక భార్య సోన్యా లేని ఇల్లుంది. పక్కన కొత్తగా దిగిన పర్వానే ఎంత కసిరినా అతన్ని వదిలిపెట్టదు చూడండి, నాకు అదే బాగా నచ్చింది.

మీకు అతని మీద కోపం ఎక్కడ పోయిందో ఆ పేజీ గుర్తు పెట్టుకుని రండి. పోకపోతే అదీ చెప్పండి, మొహమాటం వద్దు.

ముఖ్యంగా ఒక మాట: నవలలో ఆత్మహత్య ప్రయత్నాలు ఉన్నాయి. మనసుకు కష్టంగా ఉంటే చదవడం ఆపేయండి. పూర్తి చేయకపోయినా తప్పకుండా రండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ పేరు పెట్టండి, కుర్చీలు, టీ చూడాలి.
రాలేనివాళ్లు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపితే అందరికీ వినిపిస్తాం.
ముగింపు మాత్రం గ్రూపులో రాయకండి, ఇంకా చదువుతున్నవాళ్లున్నారు.

గ్రూపు కాపీ ఇప్పుడు ఎవరి దగ్గరుందో చెప్పండి, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు.