సిక్కోలు పెద్దలకు, ఆటో తమ్ముడికి, పెట్టె దాచిన మామ్మకు కృతజ్ఞతలు

పోయిన నెలలో మా తమ్ముడూ నేనూ నాలుగు రోజులు శ్రీకాకుళం జిల్లా గార మండలంలో తిరిగాం, మా తాతయ్య పుట్టిన ఊరు వెతుక్కుంటూ. ఊరు దొరికింది. కనిపెట్టింది మేం కాదు కాబట్టే ఈ పోస్టు. పేర్లు పెట్టొద్దని ఇద్దరు గట్టిగా చెప్పారు, అందుకని ఎవరి పేరూ రాయడం లేదు, ఊరి పేరుతో సహా.

కథ కొంచెం చెప్పాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ని రంగం అనేవారు. మా ముత్తాత కళింగపట్నంలో ఓడెక్కి రంగం వెళ్ళాడు, రైసు మిల్లులో కూలికి. రెండోసారి వెళ్ళేటప్పుడు ముత్తవ్వనీ, ఐదేళ్ళ మా తాతయ్యనీ వెంట తీసుకెళ్ళాడు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది మనవాళ్ళు బర్మా వదిలి బయల్దేరారు, చాలామంది కాలినడకనే. మావాళ్ళు ప్రోమ్ దాకా వచ్చి, టౌంగప్ కనుమ దాటి, అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్ చేరారు. చేరింది ఇద్దరే. ముత్తాత కనుమ దాటకముందే కలరాతో పోయాడు. తాతయ్యకి అప్పటికి పదకొండేళ్ళు. ఆ తర్వాత వైజాగ్ పోర్టులో పని, మా నాన్న ఉద్యోగంతో హైదరాబాద్. సొంతూరికి మళ్ళీ ఎందుకు వెళ్ళలేదని అడిగితే తాతయ్య మాట మార్చేసేవారు. ఆయన చెప్పిన ఆనవాళ్ళు రెండే. రాత్రిళ్ళు కళింగపట్నం లైట్‌హౌస్ వెలుతురు పెరటి గోడ మీద పడి పోయేదట. శ్రీకూర్మం డోలోత్సవానికి బండి కట్టుకుని వెళ్ళేవారట.

వెళ్ళేముందు నేనో తెలివితక్కువ పని చేశాను. ఆన్‌లైన్‌లో వంశవృక్షం గీసిస్తానన్న ఒకాయనకి ఆరు వేలు కట్టాను. వచ్చిన కాగితంలో మా గోత్రం ఒక్కటే కరెక్టు. అది నేను చెప్పిందే.

శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర మాట్లాడుకున్న ఆటో తమ్ముడికి మొదటి దండం. కిరాయికి వచ్చినవాడు సాయంత్రానికల్లా మాకంటే ఎక్కువ టెన్షన్ పడడం మొదలుపెట్టాడు. లైట్‌హౌస్ వెలుతురు పడాలంటే ఊరు ఇంత దూరంలోనే ఉండాలని లెక్కలు కట్టి, తీరం వెంబడి ఒక్కో పల్లెలో ఆపి మా ఇంటిపేరు తనే అడిగేవాడు. మూడు ఊళ్ళు తిరిగాం. ఆ ఇంటిపేరు ఎవరూ విననే లేదన్నారు. పాత రికార్డుల కోసం ఒక ఆఫీసుకి వెళ్తే రెండు రోజులూ రేపు రమ్మన్నారు.

ఆ ఆఫీసు బయట టీ తాగుతూ కలిశారు రిటైరైన వీఆర్వో గారు. మా సోదంతా ఓపిగ్గా విని, ‘మీరు అడిగేదే తప్పమ్మా’ అన్నారు. ఇటంతా ఎస్టేటు గ్రామాలు. జమీందారీల రద్దు చట్టం వచ్చింది 1948లో. సర్వే చేసి ఫెయిర్ అడంగల్, అంటే ఏ భూమి ఎవరిదో చెప్పే రికార్డు, రాసింది ఆ తర్వాతే. అప్పటికే పోయిన మనిషి పేరు అందులో ఎలా ఉంటుంది? ఊళ్ళో మిగిలిన అన్నదమ్ముల పేరు పట్టుకోవాలన్నారు. ఊళ్ళు వెతికేవాళ్ళు ఇది రాసి పెట్టుకోండి, నాకు రెండు రోజులు కలిసొచ్చేది. ముత్తాతకి ఒక తమ్ముడు, మా చిన్నతాత. ఆయన అసలు పేరు మాకు తెలియదు. సరే పదండంటూ ఆయనే బండి తీసి ముందు దారి చూపించారు.

నాలుగో ఊళ్ళో ఒక అరుగు మీద తొంభై దాటిన మామ్మ చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. ఇంటిపేరు చెప్తే తల అడ్డంగా ఊపింది. మా తమ్ముడు విసుగ్గా, ‘రంగం వెళ్ళి నడిచొచ్చిన వాళ్ళం మామ్మా’ అన్నాడు. చేట ఆగింది.

‘రంగమోలా? ఆ మాట సెప్పరేటి మరి!’

ఊరంతటికీ మావాళ్ళు రంగమోళ్ళే. అసలు ఇంటిపేరు కాగితాల్లోనే మిగిలింది. మామ్మ మా చిన్నతాత కోడలట. లోపలికి తీసుకెళ్ళి చూపించింది, అటక కింద బర్మా టేకు పెట్టె. ముత్తాత తమ్ముడి కోసం ఎవరి చేతో పంపినది. ఇత్తడి గొళ్ళెం ఒకవైపు ఊడింది, మూల అతుకులు మాత్రం ఇప్పటికీ గోరు దూరనంత బిగువు. మూత ఎత్తితే జీడిపప్పు వాసన, ఇప్పుడు అందులో పిక్కలు పోస్తున్నారు. మూత లోపలివైపు నల్లటి రంగుతో రెండు వరుసల గుండ్రటి అక్షరాలు. నేను పెట్టె ముందు కూర్చుంటే మామ్మ చోడంబలి గ్లాసు చేతిలో పెట్టి, ‘ఏడవకు, తాగు’ అంది. నేను ఏడవడం లేదనే అనుకుంటున్నాను అప్పటిదాకా.

మర్నాడు శ్రీకూర్మం. కూర్మనాథుడు పడమటి ముఖంగా ఉంటాడని, గుడికి రెండు ధ్వజస్తంభాలని అందరూ చెప్తారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం అక్కడి పురోహితులు. ముత్తాత పోయిన తిథి తెలియదని తమ్ముడు నసిగితే, తీర్థశ్రాద్ధానికి తిథితో పని లేదన్నారు. దారిలో పోయినవాడు కాబట్టి దారి పేరు కూడా చెప్పమని, టౌంగప్ అనే మాట రెండుసార్లు పలికించుకుని సరిచూసుకున్నారు. శ్వేతపుష్కరిణి మెట్ల మీద ఎనభై ఏళ్ళ బాకీ తీరింది. దక్షిణ ఇంతని అడగలేదు.

తిరుగు దారిలో ఆటో తమ్ముడు పట్టుబట్టి శాలిహుండం కొండెక్కించాడు. ఇటుక స్తూపాల మధ్య గాలి హోరు, కింద వంశధార. 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారని అక్కడి వాచ్‌మన్ చెప్పారు, తాగడానికి తన సీసాలో నీళ్ళిచ్చి మరీ. సముద్రం ఎటువైపో ఆయనే చూపించారు. ముత్తాత ఓడెక్కింది అటే.

చివరిరోజు కిరాయి తీసుకోలేదు తమ్ముడు. ‘అక్కా, నేనూ ఊరు చూశాను కదా’ అన్నాడు. డబ్బులు సీటు కింద పెట్టి వచ్చాం, ఫోన్ చేసి తిట్టాడు.

మామ్మ అడిగింది ఒక్కటే, తాతయ్య ఫొటో. నిన్ననే ఫ్రేము కట్టించి పంపాను. పెట్టె మూత ఫొటో ఇక్కడ పెడుతున్నాను. బర్మా లిపి చదవగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ రెండు వరుసల్లో ఏముందో చెప్పండి. మామ్మ రోజు విడిచి రోజు ఫోన్ చేసి అడుగుతోంది.