నల్లటి అద్దాలు పెడితే చాలదు

సంపాదకుడి గారికి,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో, ఎండలోకి వెళ్లేటప్పుడు ముదురు రంగు కళ్లద్దాలు పెడితే చాలని రాశారు. చాలదండీ. 30 ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ని, వారమైనా ఆ మాట మింగుడు పడలేదు. అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన అతినీలలోహిత కిరణాలు ఆగవు. పైగా నీడకు కంటిపాప ఇంకా విచ్చుకుంటుంది, ఆ కిరణాలు మరిన్ని లోపలికి పోతాయి. చూడాల్సింది రంగు కాదు, ఆ కిరణాలను అద్దం ఆపుతుందని చెప్పే 'యూవీ 400' అన్న గుర్తు. టోపీ పెట్టినా, కింది నుంచి ఎగదన్నే ఎండ సంగతేమిటి? ఇసుక ఆ కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, కొత్తగా కురిసిన మంచు 80 శాతం దాకా తిప్పికొడతాయి.

ఇది పరావర్తనం పాఠమే కదా! ఏడో తరగతి చదివే మా మనవరాలు 'పతన కోణం, పరావర్తన కోణం సమానం' అని గడగడా అప్పజెబుతుంది. చేతికి అద్దమిచ్చి, కిటికీలోంచి పడే ఎండను ఎదుటి గోడ మీది మేకుకు కొట్టమంటే తెల్లముఖం వేసింది. దాని తప్పేముంది? పాఠమంతా బోర్డు మీద గీతలతోనే అయిపోయింది. బళ్లో భూతద్దాలున్నాయట, బీరువాలో, తాళం వేసి. పగిలితే ఎవరు జవాబు చెప్పాలని టెన్షన్. తనిఖీకొచ్చే అధికారులు రికార్డులు చూసి సంతకం పెట్టి వెళతారు. పిల్లల చేత ఒక్క ప్రయోగం చేయించి చూసినవారు నా సర్వీసులో ఒక్కరూ లేరు.

భూతద్దంతో ఎండను కాగితం మీద చుక్కగా పట్టి చూపించండి, పొగ లేస్తుంది. కంట్లోనూ అలాంటి కటకమే ఉంది, కాగితం ఉన్నచోట రెటీనా, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొర ఉంది అని అప్పుడు చెప్పండి. రెటీనాకు నొప్పి తెలియదు. సూర్యుణ్ని తేరిపార చూసిన పిల్లవాడికి చూపు మధ్యలో మచ్చ కనిపించేసరికి గంటలు గడిచిపోతాయి. గ్రహణం రోజున ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజుముక్కలు పట్టుకుని మేడలెక్కడం ఇంకా మానలేదు. అట్టకు సూదితో బెజ్జం పెట్టి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే తెల్లకాగితం మీద సూర్యబింబం పడుతుంది. వెలుగు సూటిగా ప్రయాణిస్తుందని పిల్లలు కళ్లారా చూస్తారు, కళ్లూ భద్రం. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండ పొడలు కూడా అలాంటి బింబాలే, గ్రహణం వేళ అవి నెలవంకలవుతాయి. ఎంత మంది పిల్లలకు చూపించాం?

బీరువాలు ఎప్పుడు తెరుస్తారో అధికారులు చెప్పాలి. మీరు మాత్రం ఆ కళ్లద్దాల మాటకు సవరణ వేయండి, మూలన చిన్నక్షరాల్లో కాదు, పిల్లల పేజీలోనే.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు